పలకల సీమలో గుండెదడ

పలకలచేత దేశమంతట పేరొందిన మార్కాపురమునుండి కంభము మీదుగా గిద్దలూరునకు పోవు దారిలోనున్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రమును, ముట్లుడిగిన స్త్రీల గుండెదడకు అచట జరుగు చికిత్సను కన్నులార చూడవలెనను కోరికతో, ఒక వేసవి యుదయమున దర్శించితిని. 1970లో కర్నూలు జిల్లానుండి వేరుపడి, ఒంగోలు కేంద్రముగా ఏర్పడిన జిల్లాలో చేరిన ఈ మెట్టసీమలో వానలు తక్కువ, నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. స్త్రీలలో కొందరు పలకల కార్ఖానాలలోను, తక్కినవారు కంది, మిరప చేలలోను కూలికి పోవుదురు.

వసారాలో నలుబదియేండ్ల ప్రాయపు స్త్రీ యొకతె నర్సుతో మొరపెట్టుకొనుచుండెను. "రేత్రిళ్లు ఉన్నట్టుండి ఒళ్లంతా సెగ పుడతాది సిస్టరమ్మా. గుండె దడదడా కొట్టుకుంటాది, ఆనక సెమటలు పోస్తాయి. పోతానేమోనని బయమేస్తాది."

వైద్యురాలు ఆమెను లోనికి పిలిచి మొదట అడిగినది గుండెనుగూర్చి కాదు. "గర్భసంచి ఆపరేషను అయిందా అమ్మా?"

"ఐదేండ్లయింది మేడం. తెల్లబట్ట అవుతాందని పోతే, సంచి తీసేయకపోతే క్యాన్సరు వస్తాదన్న్యారు."

అండాశయములను కూడ తీసివేసిన సంగతి ఆమె దాచియుంచిన కాగితములలో ఉన్నదేకాని, ఆమెతో చెప్పినవారు లేరు. ఇది యొక్క యిల్లాలి దురదృష్టమే యైనచో ఇంతగా వ్రాయను. 2015-16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భాశయము తొలగింపబడినవారు దేశమంతటికి నూటికి మువ్వురు కాగా, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మండ్రు.

సహజముగా సుమారు 46వ ఏట మన దేశపు స్త్రీలకు ముట్లుడుగును. అప్పుడు అండాశయములు స్రవించు ఈస్ట్రోజెన్ అను హార్మోను క్రమక్రమముగా తగ్గును. అండాశయములను తీసినచో ఒక్కనాటితోనే తగ్గును. అంతట మెదడులో దేహోష్ణమును నియమించు కేంద్రము కొద్దిపాటి వేడికే కలతచెంది, చర్మమునందలి రక్తనాళములను విప్పారజేసి, గుండెను వడిగా నడిపించును; ఆ వేడి ఆవిరుల వేళ నాడి నిమిషమునకు 8 మొదలు 16 సార్లు అధికమగుట కలదు.

ఐనను వైద్యురాలు దడనంతను దీనికే అంటగట్టలేదు. కనురెప్పను దించి చూచి రక్తహీనతను, మెడ తడిమి థైరాయిడును శంకించి, రెండింటికిని పరీక్షలు వ్రాసెను. రక్తపోటు చూచి, ఈసీజీ తీయించి, రోజునకు ఎన్ని గ్లాసుల టీ త్రాగుచున్నదో అడిగెను. ఈసీజీ తీయు క్షణమున దడ లేకున్న అది బయటపడదు గనుక, మరల మరల వచ్చువారికి ఇరువదినాలుగు గంటలు గుండెనడకను నమోదుచేయు హోల్టరు యంత్రము అవసరమట. దడతో సొమ్మసిల్లుట, ఛాతీనొప్పి, ఊపిరాడకపోవుట కలిగినచో ఆలసింపక 108ని పిలువుడని ఆమెచేత రెండుమారులు చెప్పించెను. ఈ వయస్సున ఇవన్నియు మామూలే యని సాగనంపుట వైద్యము కాదని నా దృఢమైన నమ్మకము.

చికిత్స విషయమున వైద్యురాలు చెప్పినది శ్రద్ధగా వింటిని. 45 ఏండ్లలోపే అండాశయములు పోయినవారికి, రొమ్ము క్యాన్సరుగాని నాళములలో రక్తము గడ్డకట్టిన చరిత్రగాని లేనిచో, సుమారు 50వ ఏటివరకు ఈస్ట్రోజెన్ ఇచ్చుట ఎముకలకును గుండెకును రక్షణ. గర్భాశయమున్నవారికి దానికి తోడు ప్రొజెస్టెరాన్ తప్పనిసరి. లేనివారికి ఈస్ట్రోజెన్ ఒక్కటి చాలును. దడను అణచు ప్రొప్రనొలాల్ మాత్రలు కలవు గాని, అవి ఉబ్బసము గలవారికి అపాయకరములు. పలకరాతి దుమ్ము ఊపిరితిత్తులను చెరుపు ఈ సీమలో, దడతో వచ్చిన ప్రతి కూలీని ఆయాసమునుగూర్చి అడుగక ఆ చీటీ వ్రాయరాదు.

ఆమెను మార్కాపురము స్త్రీవైద్య నిపుణురాలివద్దకు పంపుచు కాగితమిచ్చి, వైద్యురాలు ఆశా కార్యకర్తవంక తిరిగెను. "నలభై ఐదు నిండకుండానే సంచి తీయించుకున్నవాళ్లు మీ ఊర్లో ఎంతమంది ఉన్నారు?"

"శానామందే ఉండారు మేడం."

"పేర్లు రాసుకో. కాగితాలతో సహా అందర్నీ పిలుచుకురా."