వంతుకు వెల

ఆంగ్లేయులు వాడు "క్యూ" అను మాట ఫ్రెంచి వారిది. దాని అర్థము తోక. పారిసు నగరమున రొట్టెల దుకాణముల యెదుట జనులు ఒకరి వెనుక నొకరు తోకవలె నిలుచుచుండిరని కార్లైలు 1837లో ప్రకటించిన ఫ్రెంచి విప్లవ చరిత్రలో వర్ణించెను. మనము దానిని వరుస యందుము, బారు అందుము. సంస్కృతమున పంక్తి యందురు. ఆ పంక్తియే తెలుగున బంతి యైనది. బంతిభోజనమున వడ్డించువాడు ఒకని విస్తరిలో నేయి ధారగా పోసి, ప్రక్కవాని విస్తరిలో రెండు చుక్కలు రాల్చి పోయినచో దానిని పెద్దలు పంక్తిభేద మని నిందించిరి. పల్లెవారు బంతిలో వలపక్ష మని యీసడించిరి. భోజనపంక్తికి చెప్పిన యీ ధర్మము నిరీక్షించు పంక్తికి చెల్లునా చెల్లదా యన్నదే నేను విచారింప దలచిన విషయము.

మా ఒంటిమిట్ట వానకు మొగము వాచిన సీమలోనిది. వేసవిలో నీటి ట్యాంకరు వచ్చుదినమున తెల్లవారక మునుపే వీధిలో బిందెలు బారులు తీరును. బిందెగల యిల్లాలు ఇంట పొయ్యి వెలిగించుచుండవచ్చును, బిడ్డకు పాలిచ్చుచుండవచ్చును. ఆమెకు బదులుగా బిందె నిలిచియుండును. ఇత్తడి బిందె యని ముందునకును ప్లాస్టికు బిందె యని వెనుకకును జరుపువారు లేరు. జరిపిరేని ఆనాడు వీధిలో పుట్టు వాగ్వాదము ట్యాంకరు వెడలిపోయినను చల్లారదు. వ్రాసినవారు లేకున్నను ఆ బిందెల బారులో నొక శాసన మున్నది: ముందు వచ్చినవారిదే ముందువంతు. ధనము మనలో హెచ్చుతగ్గులుగా పంచబడియున్నది. దినమునకు ఇరువదినాలుగు గంటలు మాత్రము అందరికిని సమానమే. వరుస యనునది ఆ యొక్క సమత్వమును నమ్ముకొని పుట్టిన యేర్పాటు.

ఈ శాసనమునకు మాఱుగా మఱియొకటి పుట్టినదని నాకు స్పష్టముగా తెలిసినది విద్యార్థులతో పోయిన యొక విహారయాత్రలో. మా పాఠశాల యెనిమిదవ తరగతి పిల్లలను 40 మందిని వెంటబెట్టుకొని, ఒక మహానగరపు పొలిమేరనున్న వినోదవనమునకు పోయితిమి. ఆ వనము పేరు ఇచట అప్రస్తుతము. పిల్లలలో పెక్కురు అరటితోటలలో కూలికి పోవువారి బిడ్డలు, ఆటో నడపువారి బిడ్డలు. కొన్ని నెలలు రూపాయి రూపాయి కూడబెట్టి యాత్రకు సొమ్ము తెచ్చినవారు. ఎత్తుపల్లాల పట్టాలమీద గుండెలదరునట్లు పరుగిడు బండి యొకటి యచట గలదు. దానిని రోలర్ కోస్టరు అందురు. దాని యొద్ద మేము గంటకు పైగా నిలుచుంటిమి. మా వరుస ప్రక్కనే మఱియొక సన్నని దారి, దానికొక ద్వారము. మా తరువాత ఎంతోసేపటికి వచ్చినవారు చేతికి రంగుపట్టీలు కట్టుకొని, ఆ దారిన నవ్వుచు నడచిపోయి బండి యెక్కుచుండిరి.

ఒక బాలిక నన్నడిగినది: "సార్, వాళ్లు మన వెనకాల వచ్చినారు గదా, ముందు ఎట్ల పోతాండారు?"

నేను బదులు చెప్పులోపలనే ప్రక్కనున్న బాలుడు, "దుడ్డు ఎక్కువ కట్టినారంటలే" అనెను.

ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే మనం ఇంతసేపు నిలబడిందానికి లెక్క లేదా సార్?" అనెను.

నాలుగు యంత్రములనైన నెక్కవలెనని వచ్చినవారము రెంటితోనే తిరిగితిమి. మూడవదాని వరుసలో పిల్లలు ద్వారమునకు పదిమంది దూరమున నుండగా బస్సు వేళ మించిపోయినది. వెనుకకు మఱలుచు ఆ బాలిక ఏడ్వలేదు, కోపింపలేదు. లోకము తీరు ఇంతియే కాబోలునని యొప్పుకొన్న మొగము పెట్టినది. పదుమూడేండ్ల బిడ్డ మొగమున ఆ యొప్పుకోలు చూచుట నాకు కన్నీటిని చూచుటకంటె కష్టముగా నుండెను.

మఱునాటి గణితపు తరగతిలో ఆమె ప్రశ్ననే నల్లబల్లపై వ్రాసితిని. ఒక యంత్రము గంటకు 600 మందిని త్రిప్పు ననుకొందము. వరుసలో నా ముందు 300 మంది యున్నారు. నా వంతు వచ్చుటకు అరగంట పట్టును. ఇప్పుడు గంటకు 200 చోట్లు అధికవెల యిచ్చువారికి విక్రయింపబడిన వనుకొందము. మనకు మిగిలినవి 400. అదే 300 మంది తీరుటకు ముప్పావుగంట పట్టును. యంత్రము వేగిరపడలేదు, బండికి చక్రము పెరుగలేదు, క్రొత్త యాసన మొక్కటియు చేరలేదు. ధనికుడు కొన్న కాలము ఆకాశమునుండి రాలినది కాదు. ఆ బాలిక నిలుచున్న పదునైదు నిమిషములే యాతనికి విక్రయింపబడినవి. సొత్తు ఒకరిది, అమ్మినవాడు వేఱొకడు. సొత్తుగలవారిని అడిగినవారు లేరు, వారికి ముట్టిన వెలయు లేదు. ఈ లెక్కను పిల్లలు నాకంటె శీఘ్రముగా గ్రహించిరి.

ఇందు మఱియొక చిక్కు గలదు. సాధారణపు వరుస చిన్నదైనచో అధికవెలకు టిక్కెట్టు కొనువాడెవడు? అది యెంత సాగిన నంత గిరాకి. వరుసను కుదించుటకు క్రొత్త యంత్రము నెలకొల్పవలసినవాడే, వరుస పొడవునుబట్టి లాభమును పొందువాడగుచున్నాడు. రోగమును మందును ఒకే సంచిలో మోయు వైద్యుని చేతికి నాడి నిచ్చినట్లు కాదా?

ఈ వ్యాపారము ఒక్కనాట పుట్టినది కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1955లో డిస్నీలాండు తెఱచినపుడు పెద్దలకు ప్రవేశరుసుము ఒక డాలరు. ధరల పెరుగుదలనుబట్టి చూచినచో అది నేటి పండ్రెండు డాలర్లకు సమానము. లోపల యంత్రములకు వేఱుగా చెల్లింపవలసియుండెనన్నమాట నిజమే. అయినను 2024 అక్టోబరున ప్రకటించిన ధరలలో రద్దీదినపు ప్రవేశము 206 డాలర్లకు చేరినది. వరుస కథ ఇంతకంటె గమనింపదగినది. 1999లో ఆ సంస్థవారు ఫాస్ట్‌పాస్ అను చీటీ పెట్టిరి. యంత్రమునుండి చీటీ తీసికొని, అందు వ్రాసిన వేళకు వచ్చినచో నిలువవలసిన పని చాలవఱకు తగ్గును. అది టిక్కెట్టు కొన్న ప్రతివానికిని ఉచితము. 2021లో దానిని తొలగించి, ఫ్లోరిడాలోని వనములయందు మొదట దినమునకు 15 డాలర్ల వెల గట్టిరి. 2024లో అన్ని ముఖ్య యంత్రములకును ముందుదారి నిచ్చు క్రొత్త టిక్కెట్టు నచటనే పెట్టిరి. ఆ యేట దాని వెల రద్దీనిబట్టి ప్రవేశరుసుము గాక 449 డాలర్ల వఱకును పోయెను. ఉచితముగా అందరికి నుండిన సౌకర్యమే ఇరువదియేండ్లు దాటునప్పటికి కొందరి సొమ్మైనది.

మన దేశమునకును ఈ పద్ధతి వచ్చినది. హైదరాబాదునకు చేరువ రావిర్యాల యొద్ద 2016లో తెఱచిన వండర్‌లా వనమున ఫాస్ట్‌ట్రాక్ అను పేర వేఱు టిక్కెట్టు గలదు. దాని వెల సాధారణ టిక్కెట్టునకు ఇంచుమించు రెట్టింపు. ఇది దాపరికముగా జరుగునది కాదు; ధరల పట్టికలో బాహాటముగా నున్నదే. ప్రవేశపు వెలలకు ప్రభుత్వపు పన్నును తోడగును. 2017 జూలైలో ఇట్టి వనములపై నూటికి 28 వంతున విధించిన జీయస్టీని 2018 జనవరిలో 18కి తగ్గించిరి. అయినను నలుగురున్న కుటుంబమునకు ఒక దినపు వినోదము కూలివాని పెక్కుదినముల సంపాదనను మింగుచునే యున్నది.

"ధనమిచ్చినవానికి మేలైన వసతి లోకమంతట నున్నదే గదా, దీనికే యింత వగపేల?" అని కొంద రడుగుదురు. నిజమే. సినిమాశాలలో నేలయు బెంచియు కుర్చీయు మనమెఱిగినవే. కాని నేలమీది వానికిని కుర్చీమీది వానికిని ఆట ఒకే నిమిషమున మొదలగును. రైలుబండిలో పై తరగతివాడు చల్లగా పండుకొని పోవును, సాధారణపు పెట్టెలోనివాడు నిలుచుండి పోవును; ఇరువురును ఒంటిమిట్ట స్టేషనున ఒకే వేళకు దిగుదురు. ధనముతో మెత్తని యాసనము కొనుట వేఱు, ఎదుటివాని వంతు కొనుట వేఱు. మొదటిదానివలన ప్రక్కవాని వేళకు లోపము లేదు. రెండవది ప్రక్కవాని వేళలోనుండియే వచ్చును. ఈ భేదమును మఱచుటచేతనే మనము దీనిని సహజ మనుకొనుచున్నాము.

"ధనికుడు హెచ్చుగా నిచ్చుటచేత పేదవాని టిక్కెట్టు తగ్గును" అనునది రెండవ వాదము. తగ్గినచో మంచిదే. కాని అట్లు తగ్గించితి మని లెక్క చూపినగాని నమ్ముట కష్టము. పైన చెప్పిన అమెరికా వనములలో రెండు వెలలును కలిసియే పెరిగినవి.

వినోదము మాట యటుండ, దేవునియెదుట నైనను వరుస ఒక్కటియా? తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనము గలదు. 2019లో మొదలైన శ్రీవాణి పథకమున 10,000 రూపాయలు విరాళ మిచ్చినవానికి టిక్కెట్టుపై బ్రేక్ దర్శనము గలదు. ఆ ధనముతో పల్లెలలోను వెనుకబడిన వాడలలోను గుడులు కట్టుటయే ఆ పథకపు ఉద్దేశము. ఆ యుద్దేశమును నేను తక్కువచేయను. వృద్ధులకును వికలాంగులకును పసిబిడ్డల తలిదండ్రులకును అచట వేఱు దారి యుండుటయు న్యాయమే. అది పంక్తిభేదము గాదు, దయ. కాని ఆరోగ్యవంతుడైన ధనికుడు సొమ్ము చూపి ముందు పోవుటకు దయ యని పేరిడలేము. ఆలయములలోని ఇట్టి ప్రత్యేక దర్శనములపై వచ్చిన వ్యాజ్యమును సర్వోన్నత న్యాయస్థానము 2025 జనవరి 31న విచారించి, ప్రత్యేక గౌరవ ముండరాదని తమ యభిప్రాయమైనను తాము ఆజ్ఞ నీయజాలమని తోసివేసినది. అనగా భారము మన మనస్సాక్షిపైననే మోపబడినది.

ధర్మకార్యములకు ధన మెట్లు వచ్చునని యడుగువారికి మా ఊరి కోదండరాముని గుడియే యుత్తరము చెప్పును. అది శిథిలమై యున్న కాలమున, ఆంధ్రవాల్మీకి యని పేరొందిన వావిలికొలను సుబ్బారావుగారు (1863-1936) దాని యుద్ధరణకు పూనుకొనిరి. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితులై యుండిన యా మహనీయుడు చేత టెంకాయచిప్ప పట్టి ఊరూర భిక్షమెత్తిరి. ఆ చిప్పలో పడిన కానియు రూపాయియు రెండును రాతిలో కలిసిపోయినవి. రూపాయి వేసినవానికి ముందువంతు దర్శనము వ్రాసియిచ్చినట్లు మా పెద్దలెవ్వరును చెప్పగా వినలేదు. దానము దానముగానే యుండెను, టిక్కెట్టు కాలేదు.

మన పూర్వపు పంక్తులన్నియు పవిత్రములని నేననుట లేదు. బంతిలో వలపక్షమును నిందించిన యా పెద్దలే కులమునకొక బంతి వేసిరి. బావిగట్టున కొందరి కడవలను అంటనీయరైరి. సహపంక్తి భోజనముల కొఱకు సంస్కర్తలు రాళ్లదెబ్బలు తినవలసి వచ్చినది, వెలివేయబడవలసి వచ్చినది. అంత కష్టపడి పుట్టుకచేత విడిపోయిన పంక్తులను ఒక్కటి చేసినతరువాత, ధనముచేత వానిని మరల రెండుగా చీల్చుకొనుట యేమి బుద్ధి? పూర్వము వెనుక నిలుపబడినవాని బిడ్డలే నేడును ఎక్కువగా వెనుకవరుసలో నున్నారని కనులున్నవారికి చెప్పనక్కఱలేదు.

కోరదగినవి గొప్ప కోరికలు కావు. వంతుల నమ్ముటయే మానవలెను. వేళ వ్రాసిన చీటీలను వెల లేక అందరికిని ఈయవచ్చునని 1999నాటి యేర్పాటే చూపినది. మాననిచో, ప్రతి యంత్రము ద్వారమునొద్దను ఒక పలక కట్టవలెను: గంటకు చోట్లెన్ని, వానిలో అధికవెలకు అమ్మినవెన్ని, మీకు మిగిలినవెన్ని. సరకు తూకము తెలిసికొను హక్కు కొనుగోలుదారునకు గలదు. నిలుచువానికి తన కాలపు తూకము తెలిసికొను హక్కు లేదా? బడిపిల్లలు జట్టుగా వచ్చు దినములలో నైనను రెండవ ద్వారమును మూసియుంచవలెను. గృహస్థులు చేయగల దొకటి గలదు. శక్తి యుండియు బిడ్డల చేయిపట్టుకొని సాధారణపు వరుసలో నిలువవలెను. అచట వారు ముందున్న వానితో మాటలాడుట నేర్తురు, వెనుకనున్న ముసలివానికి చోటిచ్చుట నేర్తురు, తమ కాలమును ఇతరుల కాలమును ఒకే వెల గలవని నేర్తురు. ఆ చదువు చెప్పుటకు మా పాఠశాలలో ప్రత్యేకపు గంట లేదు.