గురువు వీధిలో శిష్యుడి స్టేడియం

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో ఉంది లారెన్స్. 1891లో బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఇక్కడి కాన్సస్ యూనివర్సిటీ జట్టుకు తొలి కోచ్. 1955 నాటి అలెన్ ఫీల్డ్‌హౌస్ స్టేడియం ఉన్నది ఆయన పేరిటి వీధిలోనే.

అభిమానులు కలిస్తే ఒకటే వాదన. కుర్రాళ్లను తీర్చిదిద్దాలా, ఆరితేరినవాళ్లను తెచ్చుకోవాలా? కాలేజీ మారితే ఏడాది ఆటకు దూరంగా ఉండాలన్న నిబంధన 2024లో పూర్తిగా పోయింది మరి! 2022లో జాతీయ టైటిల్ గెలిచిన జట్టులో నాలుగేళ్లు ఇక్కడే ఎదిగిన ఒచాయ్ అగ్బాజీ ఉన్నాడు, అరిజోనా స్టేట్ నుంచి వచ్చిన రెమీ మార్టిన్ కూడా ఉన్నాడు. రెండు పక్షాలకూ ఆ జట్టే సాక్ష్యం!

గెలుపోటములతోనే కోచ్‌ని తూచేవాళ్లకు ఓ ముచ్చట. కాన్సస్ కోచ్‌లలో గెలుపులకన్నా ఓటములు ఎక్కువున్నది నైస్మిత్ ఒక్కడికే. గెలిచినవి 55, ఓడినవి 60. అయితేనేం, స్టేడియానికి పేరిచ్చిన మేటి కోచ్ ఫాగ్ అలెన్ ఆయన శిష్యుడే!