మగాడిలానా?

"మగాడిలా నెట్టుకొచ్చావమ్మా!"

మావారు ఆసుపత్రిలో ఉన్న నలభై రోజులూ బ్యాంకుకీ, మందులషాపుకీ ఒక్కదాన్నే తిరిగానని అత్తగారిచ్చిన మెప్పు అది. సంతోషించాలి గదా! ఎందుకో మనసు చివుక్కుమంది. మరి ఆడదాన్ని నేనెటు పోయాను?

ఆ రోజుల్లోనే నైజీరియాలోని యొరూబా వాళ్ళ దేవతల గురించి చదివాను. ఓషున్ నదీదేవత. తేనె, ఇత్తడి, అద్దం, విసనకర్ర అంటే ప్రీతి. అచ్చం మన పేరంటాలే! కానీ కథ వినండి. లోకాన్ని చక్కబెట్టమని పరమాత్మ ఓలొడుమారే పదిహేడుగురిని పంపాడట. పదహారుగురు మగదేవుళ్ళూ ఆవిణ్ణి లెక్కచెయ్యలేదు. ఏ పనీ సాగలేదు. తిరిగెళ్ళి మొరపెట్టుకుంటే, ముందు ఆవిణ్ణి బతిమాలుకోమన్నాడట! ఒషోగ్బోలోని ఆవిడ వనాన్ని 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గాలివాన దేవత ఓయా మరొకావిడ. భర్త షాంగో ఉరుముల దేవుడు. యుద్ధానికి ఈవిడే ముందు నడుస్తుంది. ఆ షాంగో పూజారులేమో మగవాళ్ళయినా ఆడవాళ్ళలా జడలల్లుకుంటారు! ధైర్యం వాళ్ళ సొత్తూ కాదు, మెత్తదనం మన సిగ్గూ కాదన్నమాట.

ఆ రాత్రి వంటింట్లో కూర్చుని, నలభై రోజులుగా దాచుకున్నదంతా ఏడ్చేశాను. తెల్లారి లేచి మళ్ళీ బ్యాంకుకెళ్ళాను.

అత్తయ్యగారూ, ఆ రెండు పనులూ చేసింది ఆడదేనండీ!