డ్రెంతె: ప్రతి సమాధికీ ఒక నంబరున్న సీమ

నెదర్లాండ్స్ అనగానే మనకు సముద్రమట్టానికి దిగువనున్న పొలాలు, కాలువలు, గాలిమరలు, తులిప్ తోటలు గుర్తుకొస్తాయి. దేశపు ఈశాన్య మూలన, జర్మనీ సరిహద్దును ఆనుకుని ఉన్న డ్రెంతె ప్రావిన్స్ ఆ బొమ్మలో ఇమడదు. ఇక్కడ సముద్రం లేదు. ఇసుక నేలలున్నాయి, వేసవి చివర ఊదారంగు పూలతో నిండిపోయే హీదర్ మైదానాలున్నాయి, వాటి మీద మేసే గొర్రెల మందలున్నాయి. ఊరి మధ్యన ఓక్ చెట్లు నీడనిచ్చే ఉమ్మడి పచ్చిక, దాని చుట్టూ గడ్డి కప్పు వేసిన పెద్ద పెద్ద రైతుల ఇళ్ళు కనిపిస్తాయి.

ఈ ఊళ్ళ పక్కనా, పొలాల గట్ల మీదా, అడవుల అంచునా రాతియుగపు సమాధులు నిలబడి ఉన్నాయి. స్థానికులు వీటిని హ్యూనెబెడ్ అంటారు. మొత్తం దేశంలో 54 మిగిలితే అందులో 52 డ్రెంతెలోనివే. మిగిలిన రెండూ ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్ ప్రావిన్స్‌కు చెందినవి. క్రీస్తుపూర్వం 3400 ప్రాంతంలో వీటిని కట్టడం మొదలైంది. అంటే గిజా పిరమిడ్లకు పునాది పడేనాటికే ఇవి పాతబడిపోయాయి.

మంచు మోసుకొచ్చిన బండలు

డ్రెంతెలో రాతి కొండలు లేవు. మరి ఇంతింత బండలు ఎక్కడివి? సుమారు లక్షన్నర ఏళ్ళ కిందట ఉత్తరం నుంచి వచ్చిన మంచు ఈ నేలను కప్పేసింది. స్వీడన్, ఫిన్లాండ్ ప్రాంతాల గ్రానైటును, నైస్ శిలలను తనతో ఈడ్చుకొచ్చి, కరిగిపోతూ ఇక్కడ వదిలేసింది. గ్రోనింగెన్ నగరం నుంచి దక్షిణాన ఎమ్మెన్ దాకా సుమారు 70 కిలోమీటర్ల పొడవున సాగే హొండ్స్‌రుగ్ అనే మిట్ట కూడా మంచు చేతి పనే. సమాధుల్లో చాలా భాగం ఈ మిట్ట మీదే ఉన్నాయి. ఇప్పుడిది యునెస్కో గ్లోబల్ జియోపార్క్.

బోర్గర్ అనే చిన్న పట్టణంలో సమాధి పక్కనే మ్యూజియం ఉంది. ఆవరణలో మంచు తెచ్చిన రకరకాల రాళ్ళను పేర్చి పెట్టారు. వాటిలో రాపకివి గ్రానైటును దగ్గరగా చూడాలి. ఎర్రటి రాతిలో గులాబిరంగు గుండ్రటి స్ఫటికాలు, ఒక్కోదాని చుట్టూ బూడిద పచ్చ రంగు అంచు. ఈ రకం బాల్టిక్ సముద్రంలోని ఆలాండ్ దీవుల వైపు దొరుకుతుంది. అలాంటి రాయి ఇక్కడి ఇసుకలో కనబడిందంటే మంచు ఏ దారిన వచ్చిందో తెలిసిపోయినట్టే.

మ్యూజియం దాటి నాలుగడుగులు వేస్తే డి27 అనే నంబరున్న సమాధి. నెదర్లాండ్స్‌లో ఇదే అతి పెద్ద సమాధి. పొడవు 22 మీటర్ల పైచిలుకు, పైన తొమ్మిది కప్పు బండలు. వాటిలో పెద్దది సుమారు 20 టన్నులు తూగుతుంది. కట్టడం చూడటానికి గుమ్మాలను వరుసగా నిలబెట్టినట్టు ఉంటుంది: అటొక నిలువు బండ, ఇటొక నిలువు బండ, రెంటి మీదా అడ్డంగా ఒక కప్పు. ఒంగి లోపలికి చూస్తే కట్టినవాళ్ళ నేర్పు తెలుస్తుంది. బయట ఉబ్బెత్తుగా, గరుకుగా ఉన్న బండలకు లోపలి ముఖం చదునుగా ఉంది. నిలువు రాళ్ళ చదును పక్క గది వైపుకు తిప్పారు, కప్పు రాళ్ళ చదును పక్క కిందికి పెట్టారు. దొరికిన రాయిని దొరికినట్టు నిలబెట్టిన పని కాదిది. ఏ రాయి ఎక్కడ కుదురుతుందో చూసి ఏరుకున్నారు.

అప్పటి రూపం ఇది కాదు. బండల మధ్య సందుల్లో చిన్న రాళ్ళు పేర్చి మూసేవాళ్ళు. కింద రాళ్ళు పరిచి, కాల్చి పొడిగొట్టిన గ్రానైటును చల్లేవాళ్ళు. మొత్తాన్నీ మట్టితో కప్పి దిబ్బగా చేసేవాళ్ళు. పొడుగు పక్కన, ఎక్కువగా దక్షిణం వైపున, లోపలికి దారి ఉండేది. ఇప్పుడు మనం చూస్తున్నది మట్టి పోగా మిగిలిన రాతి చట్రాన్ని.

కుండలే సాక్ష్యం

వీటిని కట్టినవాళ్ళు ఈ ప్రాంతపు తొలి రైతులు. గోధుమజాతి ధాన్యం, బార్లీ పండించారు. పశువులను, పందులను పెంచారు. కర్ర, మట్టి కలిపి కట్టుకున్న వాళ్ళ ఇళ్ళు దాదాపు ఆనవాలు లేకుండా పోయాయి. చచ్చినవాళ్ళకు కట్టిన ఇల్లే మిగిలింది. బండలను దుంగల మీద, ఎద్దుల సాయంతో లాగి, మట్టి వాలు మీదుగా పైకెక్కించి ఉంటారని పరిశోధకుల అంచనా. కొన్ని కుటుంబాలు కలిస్తే అయ్యే పని కాదు. ఊళ్ళకు ఊళ్ళే పూనుకుని ఉండాలి.

డ్రెంతె ఇసుకకు ఆమ్లగుణం ఎక్కువ. ఎముకలను అది తినేసింది. కాలిన ఎముకల తునకలు తప్ప శవాల జాడ పెద్దగా దొరకదు. ఒక గదిలో ఎంతమందిని పడుకోబెట్టారో లెక్కపెట్టే దారి లేదు. దొరికినవన్నీ చచ్చినవాళ్ళతో పాటు పెట్టినవే: చెకుముకి గొడ్డళ్ళు, బాణపు మొనలు, అంబర్ పూసలు, అన్నింటికన్నా ఎక్కువగా కుండలు. గరాటులా మూతి విచ్చుకున్న పాత్రలు కావడంతో ఈ సంస్కృతికి గరాటు కుండల సంస్కృతి అని పేరు. అస్సెన్‌లోని డ్రెంట్స్ మ్యూజియంలో వీటిని చూడవచ్చు. పచ్చి మట్టి మీద మొనదేలిన పుల్లతో గుచ్చి గుచ్చి గీసిన గీతలు, వాటిలో తెల్లటి ముద్ద నింపి ముదురు రంగు మీద నమూనా ఉట్టిపడేలా చేసిన పనితనం. కుండ మారితే నమూనా మారుతుంది. తరతరాల వాళ్ళు ఒకే గదిని తెరిచి వాడుకున్నారని ఈ నమూనాల వరుస ద్వారానే తేల్చగలిగారు.

రాక్షసుల నుంచి కొలతల దాకా

కూవోర్డెన్‌లో మతబోధకుడిగా ఉన్న యోహాన్ పికార్ట్ 1660లో ప్రచురించిన పుస్తకంలో, ఈ సమాధులను రాక్షసకాయులు కట్టారని రాశాడు. అప్పటి జనం నమ్మకం కూడా అదే. 1685లో టిట్సియా బ్రోంగెర్స్మా అనే కవయిత్రి బోర్గర్‌లోని బంధువుల ఇంటికి వచ్చి, అక్కడి పెద్ద సమాధిలో తవ్వించింది. కుండలు, ఎముకలు బయటపడ్డాయి. నెదర్లాండ్స్‌లో ఒక హ్యూనెబెడ్‌ను తవ్వినట్టు నమోదైన తొలి సందర్భం ఇదే. పని మొదలుపెట్టింది ఒక స్త్రీ కావడం ఆ కాలానికి అరుదు. తర్వాత 1756లో ఎక్స్ట్ గ్రామంలోని సమాధిని యోహన్నెస్ వాన్ లీర్ పరిశీలించి, చూసింది చూసినట్టు ఉత్తరాల్లో రాశాడు. 1760లో అవి పుస్తకంగా వచ్చాయి.

అంతకుముందే ఊహించని చోట నుంచి ముప్పు వచ్చింది. 1730ల మొదట్లో ఓడపురుగు అనే సముద్రజీవి కరకట్టలకు ఆసరాగా ఉన్న కొయ్య దుంగలను తొలిచేసింది. దేశమే కరకట్టల మీద బతుకుతున్న చోట అది మామూలు కష్టం కాదు. కొయ్యకు బదులు రాయి కావాలి. రాయి ఉన్నది డ్రెంతెలో. ధర పెరిగింది, బండలు కదిలాయి. అప్పుడు, 1734లో, డ్రెంతె పాలకులు హ్యూనెబెడ్ల రాళ్ళను ముట్టుకోరాదని ఉత్తర్వు ఇచ్చారు. ఐరోపాలో ప్రాచీన కట్టడాల రక్షణకు వచ్చిన అతి పాత ఉత్తర్వుల్లో ఇదొకటి. దేశానికి రాయి అత్యవసరమైన రోజుల్లో ఆ మాట అన్నారు. అందుకే దానికి అంత విలువ.

ఉత్తర్వు ఉన్నా నష్టం పూర్తిగా ఆగలేదు. 19వ శతాబ్దంలో ఉమ్మడి భూములు పంచుకోవడం మొదలయ్యాక ప్రభుత్వమూ ప్రావిన్సూ కలిసి దాదాపు అన్ని సమాధులనూ కొనేశాయి. మంచి పనే. కానీ ఆ వెంటనే చేసిన మరమ్మతుల్లో, చుట్టూ మిగిలిన మట్టి దిబ్బలను గాలికి కొట్టుకొచ్చిన ఇసుక అనుకుని తవ్వి పారేశారు. వేల ఏళ్ళు నిలిచిన ఆధారాలు ప్రేమతోనే పోయాయి. సంగతి లండన్ దాకా వెళ్ళింది. 1878లో విలియం లూకిస్, హెన్రీ డ్రైడెన్ అనే ఇద్దరు ఆంగ్లేయులు వచ్చి సమాధులను కొలిచి, నక్షాలు గీసుకుపోయారు.

ఆ తర్వాతి పేరు ఆల్బర్ట్ ఎగ్గెస్ వాన్ గిఫెన్. 1918 నుంచి ఆయన ఒక్కో సమాధినీ కొలిచాడు, ఫొటో తీశాడు, నక్షా గీశాడు. డ్రెంతె వాటికి డి, గ్రోనింగెన్ వాటికి జి అక్షరాలతో నంబర్లు ఇచ్చాడు. ఇవాళ మనం డి27 అంటున్నది ఆయన లెక్కే. రాయి పోయిన చోట దాని గుంటను కాంక్రీటుతో నింపించాడు. చాలా సమాధుల దగ్గర నేలలో కనిపించే ఆ సిమెంటు ముక్కలు లేని రాళ్ళ చిరునామాలు.

ఆ కొలతల విలువ రెండో ప్రపంచయుద్ధంలో తెలిసింది. హావెల్టె దగ్గర జర్మన్ సైన్యం విమానాశ్రయం కట్టుకుంటూ, అడ్డమని డి53ను విప్పి రాళ్ళను గోతిలో పూడ్చేసింది. యుద్ధం ముగిశాక, 1949–50లో, వాన్ గిఫెన్ తన పాత నక్షాలు ముందు పెట్టుకుని రాళ్ళను తిరిగి వాటి స్థానాల్లో నిలబెట్టాడు. చుట్టుపక్కల బాంబులు పడ్డ గుంటల్లో ఇప్పుడు నీళ్ళు నిలిచి ఉన్నాయి. రాతియుగమూ ప్రపంచయుద్ధమూ ఒకే మైదానంలో కనిపించే చోటు ఇది.

దారి పట్టేవారికి

స్కోనోర్డ్ దగ్గరి డి49 దగ్గర తప్పకుండా ఆగాలి. 16వ శతాబ్దంలో మెన్సో ఆల్టింగ్ అనే ప్రొటెస్టంట్ బోధకుడు ఇక్కడ రహస్యంగా ప్రసంగాలు చేశాడని చెప్పుకుంటారు. 1950ల చివర వాన్ గిఫెన్ దీన్ని సగం పూర్తిగా, మట్టి దిబ్బతో సహా పునర్నిర్మించి, సగం తెరిచి ఉంచాడు. అసలు రూపమూ ఇప్పటి రూపమూ పక్కపక్కనే అర్థమవుతాయి. దీనికి కావలసిన రాళ్ళ కోసం పూర్తిగా శిథిలమైన డి33ను విప్పేశాడు. అందుకే ఇవాళ ఆ నంబరుతో సమాధి లేదు. నేటి పురావస్తు శాస్త్రం ఇలాంటి పనికి ఒప్పుకోదు.

రోల్డెలో చర్చి వెనక జంట సమాధులు డి17, డి18 ఉన్నాయి. ఎమ్మెన్‌లో డి43 మరో రకం: పొడవాటి రాతి అంచు లోపల రెండు గదులు. చాలా వాటికి కంచె లేదు, టికెట్ లేదు. అన్నింటినీ కలుపుతూ సైకిల్ దారులున్నాయి. ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: బండల కింద మంట వేస్తే గ్రానైటు పగులుతుంది. వేల ఏళ్ళు తట్టుకున్న రాయికి ఒక్క రాత్రి చలిమంట చాలు.

మన తెలంగాణ వైపు నుంచి చూసినా డ్రెంతె దూరమనిపించదు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా జానంపేటలో వందలాది రాతి సమాధులున్నాయి. కాలం వేరు, కట్టినవాళ్ళు వేరు. మనవి చాలావరకు ఇనుప యుగానివి. వాటినీ జనం రాకాసి గుళ్ళనే అన్నారు. నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరాయి. కానీ జాబితాకెక్కనివి ఎన్నో క్వారీలకు, పొలాల చదునుకు, ప్లాట్లకు బలైపోతున్నాయి.

డ్రెంతె చెబుతున్నది ఒక్కటే: రాయి తనను తాను కాపాడుకోలేదు. అవసరం గొంతు మీద కూర్చున్నప్పుడు కూడా వద్దనగలిగిన పాలకులు ఉండాలి. అంతకంటే ముందు, ప్రతి సమాధినీ కొలిచి, నంబరేసి, నక్షాలో పెట్టే మనిషి ఉండాలి. డి53 తిరిగి లేచింది కాబట్టి, కాగితం మీద కొలత మిగిలిన సమాధికి ఇంకో అవకాశం ఉంటుందని మనకు తెలుసు. కొలవకుండా పోగొట్టుకున్నదానికి ఆ అవకాశం లేదు. ఒక టేపు, ఒక కెమెరా, ఓపికున్న నలుగురు మనుషులు చాలు. మన జిల్లాల్లో ఈ పని ఈ ఎండాకాలమే మొదలుపెట్టవచ్చు.