కడుపు నిండాకే కబురు

కాలిఫోర్నియా కొండల్లో పాండరోసా పైన్ బెరడు మీద ఎర్రటి పొడి రాలి ఉందంటే, లోపల మగపురుగు పని మొదలుపెట్టిందన్నమాట. ఇప్స్ పారాకన్‌ఫ్యూసస్ అనే ఈ పెంకుపురుగు బియ్యపు గింజంత ఉంటుంది. రెక్కల చివర ఏటవాలుగా గుంటపడి, ఇరుపక్కలా అయిదేసి ముళ్లుంటాయి. బెరడు కింద గది తొలుస్తూ, పోగైన పొడిని ఆ వాలుతోనే వెనక్కి నెట్టి బయట పారేస్తుంది. పొడిలో దాని మలమూ కలుస్తుంది, కబురు అందులోనే ఉంటుంది. ఆ వాసన పట్టుకుని ఆడవీ వస్తాయి, తక్కిన మగవీ వస్తాయి. ఒకటీ అరా పురుగును జిగురులో ముంచి చంపగల చెట్టు, వందలకొద్దీ మీదపడితే తట్టుకోలేదు.

1966లో సిల్వర్‌స్టీన్, రోడిన్, వుడ్ అనే శాస్త్రవేత్తలు ఆ పొడినుంచే ఇప్సినాల్, ఇప్స్‌డైయినాల్, సిస్-వెర్బినాల్ అనే మూడు రసాయనాలను వేరుచేసి చూపించారు. అవి కలిస్తేనే పిలుపుకు బలం.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఆ పిలుపు పుట్టే వేళ. కొత్త చెట్టు కోసం ఎగిరే మగపురుగులో అది దాదాపు ఉండదు. చెట్టు మీద వాలినంత మాత్రాన రాదు. బెరడు తొలిచి, లోపలి మెత్తటి పొర తిన్నాకే మొదలవుతుంది. పురుగు తిన్నదంటే, మెదడు వెనక ఉన్న చిన్న గ్రంథులు జువెనైల్ హార్మోను ఎక్కువగా తయారుచేస్తాయి. లార్వా దశలో పురుగును తొందరపడి ఎదగనివ్వకుండా ఆపింది ఈ హార్మోనే. ఎదిగిన మగవాడిలో అదే ఇప్పుడు తోడును పిలిపిస్తోంది. 1969లో బోర్డెన్, ఆయన సహచరులు తిండి పెట్టకుండా కృత్రిమ జువెనైల్ హార్మోను అందించి చూశారు. పస్తున్న పురుగులు కూడా పిలుపు తయారుచేశాయి. ఎంత చిన్న శరీరం, ఎంత కచ్చితమైన ఏర్పాటు!

పైన్ జిగురులోని మిర్సీన్ లాంటి పదార్థాలనే పురుగు కాస్త మార్చి పిలుపుగా వాడుకుంటుందని చాలాకాలం అనుకున్నారు. సిస్-వెర్బినాల్ సంగతి అలాంటిదే, చెట్టులోని ఆల్ఫా-పైనీన్ నుంచే వస్తుంది. మిగతా రెండింటి కథ వేరు. 1995లో సీబోల్డ్ బృందం రేడియోధార్మిక గుర్తున్న అసిటేట్‌ను మగపురుగుల్లోకి ఎక్కిస్తే, ఆ గుర్తు ఇప్సినాల్‌లో, ఇప్స్‌డైయినాల్‌లో తేలింది. అంటే పురుగు వాటిని మొదటినుంచీ తానే తయారుచేసుకుంటోంది. దగ్గరి చుట్టం ఇప్స్ పైనీలో వెతికితే, ఆ తయారీ జరిగే చోటు నడిమి పేగు కణాలని తెలిసింది. హార్మోను వచ్చి అక్కడ హెచ్‌ఎంజీ-కోఏ రిడక్టేజ్ అనే ఎంజైమును పెంచుతుంది.

మన ఇళ్లలో కొలెస్ట్రాల్‌కు వేసుకునే అటోర్వాస్టాటిన్ మాత్ర అడ్డుకునేది కూడా ఈ ఎంజైమునే. మన కాలేయంలో ఈ ఎంజైముతో నడిచే రసాయన చర్యల దారి కొలెస్ట్రాల్ దాకా వెళుతుంది. కీటకాలు కొలెస్ట్రాల్ సొంతంగా చేసుకోలేవు, తిండినుంచే తెచ్చుకోవాలి. దారి మాత్రం వాటికీ ఉంది, ఈ మగపురుగు దాన్ని పిలుపుకు మళ్లించుకుంది. ఇంకో సంగతి మరీ ముచ్చటైనది: జువెనైల్ హార్మోను పుట్టేదీ ఈ దారిలోనే. తల దగ్గర ఈ దారిన పుట్టిన హార్మోను రక్తంలో ప్రయాణించి, పేగులో ఇదే దారిని తెరుస్తుంది. ఇది చదివిన రోజు నాకు వేరే పని సాగలేదు.

పురుగు తినకుండా ఎందుకు పిలవదో ఆలోచిస్తే, శత్రువులు గుర్తొస్తాయి. ఎనోక్లీరస్ లెకాంటీ అనే వేటపురుగు ఈ వాసన పట్టుకునే చెట్టు మీదికి వచ్చి, వాలిన ఇప్స్‌లను పట్టి తింటుంది. పిలవడమంటే తన జాడ వేటగాడికీ చెప్పడమే. చెట్టు తినడానికి పనికొస్తుందో లేదో రుచి చూడకముందే ఆ ముప్పు కొనితెచ్చుకున్న మగవాళ్ల సంతానం ఎక్కువగా మిగిలి ఉండదని నాకనిపిస్తుంది.