పేర్లు పడేటప్పుడు

వీడియో గేమ్ ముగిశాక తెర మీద కిందినుంచి పైకి సాగిపోయే పేర్ల వరుసను దాటవేసే వీలు ఆటగాడికి ఉండాలా, ఉండకూడదా అన్న వాదం ఎప్పుడు మొదలైనా రెండు కోపాల మధ్య చిక్కుకుపోతుంది. నలభై, యాభై గంటలు ఆడి కథను కొలిక్కి తెచ్చినవాడికి, ఆ తరువాత ఏ బటన్ నొక్కినా కదలని తెర ముందు చేతులు కట్టుకొని కూర్చోవలసి రావడం మీద కోపం. ఏళ్ళ తరబడి పనిచేసినవారికి, తమ పేరు ఒక్క నొక్కుతో మాయమైపోవడం మీద కోపం. రెండూ న్యాయమైనవే. అయితే ఈ రెండు కోపాలూ ఒకదాని మీద ఒకటి తిరగబడుతూ ఉండడం వల్ల, నిజంగా నిలదీయవలసిన మూడో పక్షం, అంటే ఆటను అమ్ముకొనే సంస్థ, ఏ ప్రశ్నా ఎదుర్కోకుండా పక్కకు తప్పుకుంటున్నది.

క్రెడిట్స్ అని వ్యవహరించే ఈ పట్టికలో దర్శకుడు, ప్రోగ్రామర్లు, చిత్రకారులు, సంగీతకారులు, పాత్రలకు గొంతునిచ్చినవారు, అనువాదకులు, ఆటను పదేపదే ఆడి లోపాలు పట్టే టెస్టర్లు అందరూ ఉంటారు; పెద్ద సంస్థల ఆటల్లో వీరి సంఖ్య వేలకు చేరుతుంది. దీనిని దాటవేయనీయకపోవడానికి నిర్మాతలు పేర్ల తరువాత ఒక చిన్న దృశ్యాన్ని దాచి ఉంచడం ఒక కారణమైతే, ఆటగాడి పురోగతిని యంత్రం భద్రపరచుకొనే పనిని, అంటే సేవ్ చేయడాన్ని, పేర్లు ముగిశాకే జరిగేలా అమర్చడం మరొకటి. మొదటిదాన్ని అర్థం చేసుకోవచ్చు, రెండోదాన్ని సమర్థించలేము. పేర్లు పడుతుండగా కరెంటు పోయి చివరి పోరాటం మళ్ళీ మొదటినుంచి చేయవలసి వచ్చిన ఆటగాడికి ఆ పేర్ల మీద విసుగు తప్ప మరేమీ మిగలదు. ఆ విసుగు తెచ్చిపెట్టినది పట్టికలో పేరున్న మనిషి కాకపోయినా, దాన్ని భరించేది అతడే.

తెలుగు సాహిత్యంతో పరిచయమున్నవారికి ఈ చిక్కుకు ఒక పాత పరిష్కారం గుర్తుకు రావాలి. ప్రబంధాలలో ప్రతి ఆశ్వాసం, అంటే ప్రతి అధ్యాయం, చివర ఒక గద్య ఉంటుంది. అందులో కవి తన పేరు, తండ్రి పేరు, తన బిరుదులు, గ్రంథం పేరు, అది ఎన్నవ ఆశ్వాసమన్నదీ చెప్పుకుంటాడు. కథ మీద మనసున్న పాఠకుడు దానిని చూసీ చూడనట్లు దాటి తరువాతి ఆశ్వాసంలోకి వెళ్ళిపోతాడు, ఏ కవీ అతడిని ఆపలేదు. అయినా ఆ గద్య తాళపత్రాల మీదినుంచి అచ్చుపుస్తకంలోకి భద్రంగా వచ్చింది. ఒక కావ్యం ఎవరిదన్న వివాదం తలెత్తితే పరిశోధకులు మొదట వెతికేదీ దానినే. తాళపత్ర ప్రతుల చివర వ్రాయసకాండ్రు కూడా, అంటే గంటం పట్టి మూలాన్ని చూసి ప్రతి దించినవారు, తాము ఏ సంవత్సరం ఏ తిథినాడు ఎవరికోసం ఆ పని పూర్తిచేశారో తరచుగా రాసిపెట్టారు, అక్షరదోషాలుంటే మన్నించమని చదివేవారిని వేడుకున్నారు. నడుము వంచి రోజుల తరబడి ఆకుల మీద గంటం నడిపిన ఆ మనిషి కవి కాడు, కావ్యాన్ని అంకితం పుచ్చుకున్న కృతిపతి కాడు, పండితుడు కావలసిన అవసరమూ లేదు. అయినా ఆ రెండు పంక్తులు రాసుకొనే చోటు అతడికి దక్కింది. రాసుకోనివారు ఎవరో ఈనాడు ఎవరికీ తెలియదు. ఆట విషయంలోనూ పేరు ఉండడం ముఖ్యం, అడిగినప్పుడు దొరకడం ముఖ్యం. చదివి తీరాలని నిర్బంధించడం వల్ల ఈ రెండింటిలో ఏదీ సిద్ధించదు.

పేరు లేకపోవడం ఎంతటి బాధో ఆటల చరిత్ర తొలి అధ్యాయంలోనే కనిపిస్తుంది. 1970ల చివర అటారీ సంస్థ తన ఆటలు రూపొందించినవారి పేర్లను ఎక్కడా ప్రకటించేది కాదు, ఒక్కొక్క ఆటను మొదటినుంచి చివరిదాకా ఒక్క మనిషే తయారుచేసిన రోజుల్లో కూడా. వారన్ రాబినెట్ అనే ప్రోగ్రామర్ తాను రాసిన అడ్వెంచర్ అనే ఆటలో, పై అధికారులకు చెప్పకుండా, ఒక రహస్యపు గదిని కట్టాడు. నల్ల కోటలోని చిక్కుదారుల్లో నేలరంగులోనే కలిసిపోయి కంటికి ఆనని ఒక చుక్క ఉంటుంది. ఆటగాడు దానిని తడుముకొని పట్టుకొని, పసుపుపచ్చ కోట కింద ఉన్న దారి చివరికి మోసుకువచ్చి, అక్కడే మరికొన్ని వస్తువులను కూడా పోగుచేస్తే, గోడ మిణుకుమిణుకుమంటూ దారినిస్తుంది. లోపల రంగులు మారుతున్న అక్షరాలలో, ఈ ఆటను సృష్టించినది వారన్ రాబినెట్ అని నిలువుగా రాసి ఉంటుంది. మొత్తం ఆటకు దొరికిన చోటు నాలుగు కిలోబైట్లు. అంటే ఈ వ్యాసంలోని అక్షరాలను కంప్యూటర్‌లో దాచడానికి కూడా చాలనంత. అంత ఇరుకులో తన పేరుకోసం చోటు మిగుల్చుకోవడానికి అతడు ఎంత తపించి ఉండాలో ఊహించవచ్చు. ఒక బాలుడు ఆ గదిని కనిపెట్టి సంస్థకు ఉత్తరం రాసేసరికి రాబినెట్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు. ఆటలో దాచిపెట్టిన ఇలాంటి విశేషాలను ఈస్టర్ ఎగ్ అనడం ఆ ఉదంతంతోనే స్థిరపడింది. అదే కాలంలో, 1979లో, అటారీనుంచి బయటికి వచ్చిన డేవిడ్ క్రేన్, అలాన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, లారీ కప్లాన్ కొత్తగా నెలకొల్పిన యాక్టివిజన్ సంస్థకు భాగస్థులయ్యారు. ఆ సంస్థ ఆటల పెట్టెల మీద రూపకర్త పేరు వేసింది, వెంట ఇచ్చే చిన్న పుస్తకంలో అతడి ఫొటో అచ్చువేసింది.

నలభై ఏళ్ళు దాటినా ఆ తగువు తీరలేదన్నది మింగుడుపడని సంగతి. 1980లలో జపాన్ సంస్థలు కొన్ని, పోటీదారులు తమ ఉద్యోగులను ఎగరేసుకుపోతారన్న భయంతో మారుపేర్లనే వేయించాయి. 1986 నాటి మెట్రాయిడ్ ఆటకు సంగీతం కూర్చిన హిరోకజు టనాకా అందులో హిప్ టనాకా. 2011లో వచ్చిన ఎల్.ఎ. న్వార్ ఆటకు పనిచేసిన నూరుమందికి పైగా మనుషుల పేర్లు పట్టికలో లేకపోవడంతో, మాజీ ఉద్యోగులు తమ జాబితాను తామే విడిగా ప్రకటించుకోవలసి వచ్చింది. 2018లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 విడుదలైనప్పుడు, చివరిదాకా ఉద్యోగంలో ఉన్నవారి పేర్లే ఆటలో వేయడం తమ విధానమని రాక్‌స్టార్ సంస్థ చెప్పి, మధ్యలో వెళ్ళిపోయినవారి పేర్లను తన వెబ్‌సైట్‌లో పెట్టింది. 2021 నాటి మెట్రాయిడ్ డ్రెడ్ తయారుచేసిన స్పెయిన్ సంస్థ మెర్క్యురీస్టీమ్, నిర్మాణకాలంలో కనీసం 25 శాతం పనిచేస్తేనే పేరు వేస్తామన్నది. నాలుగేళ్ళ నిర్మాణంలో పదకొండు నెలలు పనిచేసి వెళ్ళినవాడు ఆ లెక్కన లేనివాడే. 2023లో మెరుగుపరచి విడుదల చేసిన మెట్రాయిడ్ ప్రైమ్‌లో, తొలిరూపాన్ని నిర్మించినవారందరినీ కలిపి ఒక్క వాక్యంలో తలచి ఊరుకున్నారు. ఆట చివర బటన్ నొక్కే ఆటగాడు ఎవరి పేరునూ చెరిపివేయడం లేదు, తాను చదవడం మానుతున్నాడు, అంతే. మరునాడు కావాలంటే చదువుకోగలడు. సంస్థ దాటవేసిన పేరు అతడికి ఎన్నటికీ దొరకదు.

బలవంతం లేకుండానే మనుషులను కూర్చోబెట్టిన పేర్ల పట్టికలు ఉన్నాయని చెప్పడంలో ఎంతో సంతోషం ఉంది. 2007 నాటి పోర్టల్ చివర, జొనాథన్ కూల్టన్ రాసిన పాటను ఆటలోని ప్రతినాయిక అయిన యంత్రం గొంతుతో ఎలెన్ మెక్లెయిన్ పాడుతుండగా, ఒకవైపు పాట మాటలు, మరొకవైపు పేర్లు టైపు అవుతూ పోతాయి. ఆ పాట విన్నవారిలో బటన్ వైపు చేయి పోయినవారు అరుదు. 2017లో యోకో తారో దర్శకత్వంలో వచ్చిన నియర్: ఆటోమాటా ఇంకా ముందుకు వెళ్ళింది. అందులో చివరి ముగింపు వచ్చేసరికి పేర్లే శత్రువులవుతాయి. అవి గుళ్ళు కురిపిస్తుంటే ఆటగాడు చిన్న త్రికోణమై వాటిని కాల్చుకుంటూ పైకి పోవాలి. ఒంటరిగా దాదాపు గెలవలేనంత కష్టమది. ఓడిపోయిన ప్రతిసారీ ప్రపంచంలో ఎక్కడెక్కడివారో రాసిన ధైర్యపు మాటలు తెర మీద కనిపిస్తాయి, సాయం కావాలా అని ఆట అడుగుతుంది, ఒప్పుకుంటే అపరిచితుల త్రికోణాలు చుట్టూ చేరి తూటాలకు అడ్డం నిలుస్తాయి, పాటలో ఒంటరి గొంతు బృందగానమవుతుంది. తరువాత ఆట మరో ప్రశ్న అడుగుతుంది: తాను సేవ్ చేసుకున్నదంతా శాశ్వతంగా తుడిచివేయడానికి ఆటగాడు ఒప్పుకుంటాడా? ఒప్పుకుంటే, అతడు కూడా మరొక అపరిచితుడికి అలా సాయపడవచ్చు. ఇన్నేళ్ళలో ఆటల రంగం పేర్లకు చేసిన అత్యున్నతమైన గౌరవం ఇదే. ఒక్కొక్క పేరూ ఎదురుగా వచ్చి నిలబడితేగాని దాటనివ్వని ఈ కూర్పు మీద ఫిర్యాదు చేసే మనసు ఎవరికి వస్తుంది?

ఇవన్నీ ముగింపు ఉన్న ఆటల సంగతి. తెలుగునాట కుర్రకారు చేతుల్లోని ఫోన్లలో ఎక్కువగా నడిచే బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి ఆటలకు ముగింపే లేదు. ఒక పోరు అయిపోతే ఇంకొకటి మొదలవుతుంది, పేర్లు పడే వేళ ఎన్నటికీ రాదు. అలాంటి చోట దాటవేయాలా వద్దా అన్న చర్చకే తావు లేదు. ఆటలోకి అడుగుపెట్టిన చోటే, అంటే మొదటి మెనూలోనే, పేర్ల పట్టిక ఉండాలి. ముగింపున్న ఆటల్లో పేర్లకంటే ముందే సేవ్ జరిగిపోవాలి, బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుంటే దాటిపోయే వీలుండాలి, చదవదలచినవారికి వేగం తగ్గించుకొనే వీలూ ఉండాలి. వీటిలో ఏ ఒక్కటీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

ఈ పేర్ల తగువు మనకు దూరమైనదేమీ కాదు. హైదరాబాదులో ఆటల సంస్థ ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ కార్యాలయం, బెంగళూరులో రాక్‌స్టార్ విభాగం ఉన్నాయి. విదేశీ ఆటలకు బొమ్మలు గీసేవారు, కదలికలు దిద్దేవారు, లోపాలు పట్టేవారు మనవారిలో ఎందరో ఉన్నారు. మధ్యవర్తి ఏజెన్సీ ద్వారా చేరితే ఏజెన్సీ పేరు పడి మనిషి పేరు పడని సందర్భాలు ఈ రంగంలో కొత్త కాదు. హాలీవుడ్ రచయితలకు, దర్శకులకు పేరు ఎలా పడాలో వారి సంఘాలు కుదుర్చుకున్న ఒప్పందాలు నిర్ణయిస్తాయి. ఆటల రంగంలో అంతర్జాతీయ డెవలపర్ల సంఘం రూపొందించిన మార్గదర్శకాలున్నా, వాటిని పాటించి తీరాలని ఏ సంస్థనూ కట్టడి చేసే అధికారం ఆ సంఘానికి లేదు. అందువల్ల ఈ పనిలోకి అడుగుపెడుతున్న యువతీయువకులు జీతం, సెలవుల సంగతి మాట్లాడుకున్నట్లే, తమ పేరు ఏ హోదాతో పడుతుందో, మధ్యలో మానేసినా పడుతుందో లేదో సంతకం చేయకముందే అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.