జాడీలో ఉంది, లెక్కలో లేదు

మా అత్తగారి ఆఫీసంతా ఒక నోటుపుస్తకం. ఎవరికెన్ని కిలోల పచ్చడి పంపాం, ఎవరు డబ్బివ్వాలి, అన్నీ అందులోనే. వత్సవాయిలో మేం పెట్టిన పచ్చళ్లు జగ్గయ్యపేట, నందిగామ దాటి హైదరాబాదుదాకా వెళ్లడం మొదలయ్యాక, ఇక ఆ పుస్తకం చాలదనిపించింది నాకు.

మా అబ్బాయి జోహో క్రియేటర్ చూపించాడు. చెన్నై కంపెనీదే, 2006లో వచ్చిందట. ప్రోగ్రాం రాయడం రానివాళ్లు కూడా తెరమీద గడులు పేర్చుకుని ఫారాలు తయారుచేసుకోవచ్చు. స్టాకుకో ఫారం, ఆర్డర్లకో ఫారం పెట్టాను. స్టాకులో ఉన్న పచ్చళ్ల పేర్లే ఆర్డరు ఫారంలో జాబితాగా దిగుతాయి. ఈ చుట్టరికాన్ని లుకప్ అంటారు. ఇక వర్క్‌ఫ్లో ఉందే, అది వీధిలో కబుర్లు చేరవేసే ఆవిడలాంటిది. ఆర్డరు సేవ్ చెయ్యగానే పరుగున స్టాకు దగ్గరికి వెళ్లి అన్ని కిలోలూ తగ్గించి వస్తుంది.

నెలరోజులు హాయిగా గడిచింది. ఓ రోజు నందిగామ నుంచి పిన్నిగారు ఫోన్ చేశారు. "అమ్మాయికి వేవిళ్లు. మీ గోంగూర తప్ప ఏదీ సయించడం లేదమ్మా, రెండు కిలోలు పంపు" అన్నారు. తెర చూశాను. సున్నా! "అయిపోయిందండీ" అనేశాను.

సాయంత్రం మా అత్తగారు జాడీ మూత తీశారు. "ఏమే అమ్మాయ్, ఇంకా సగం జాడీ ఉంటే లేదన్నావా? వేవిళ్ల పిల్లకి!" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తప్పు నాదే. జాడీలో ఉన్నది పది కిలోలు. హైదరాబాదు ఆర్డరు అయిదు కిలోలు. ఆ ఆర్డరులో ఫోన్ నంబరు తప్పు పడితే దిద్ది మళ్లీ సేవ్ చేశాను. చేర్చినప్పుడే కాదు, దిద్దినప్పుడు కూడా తగ్గించమని వర్క్‌ఫ్లోకి చెప్పింది నేనే. ఆవిడ చెప్పిన కబురే మళ్లీ చెప్పింది. ఇంకో అయిదు పోయి సున్నా అయింది.

కూర్చుని మార్చాను. కొత్త ఆర్డరు చేర్చినప్పుడే మొత్తం తగ్గాలి. దిద్దితే పాత కిలోలకీ కొత్త కిలోలకీ తేడా ఎంతో అంతే. తేడా లేకపోతే నోరెత్తకూడదు. ఆర్డరు రద్దయితే ఆ కిలోలు తిరిగి కలపాలి.

మర్నాడు మావారు మొదటి బస్సుకే నందిగామ వెళ్లి గోంగూర ఇచ్చొచ్చారు. అయినా పిన్నిగారితో అన్న 'లేదు' అన్న మాటను దిద్దే ఫారం ఏదీ?

ఇప్పుడు శనివారం శనివారం జాడీలు తూచి, తెరతో సరిచూస్తున్నాం. తూచేది మా అత్తగారు; టైపు చేసేది నేను. నోటుపుస్తకం మాత్రం ఆవిడ కొంగుచాటునే ఉంది. "ఉండనివ్వవే, నీ ఆవిడ మళ్లీ ఎప్పుడేం మోసుకొస్తుందో!" అంటారు.